పిడిగుండు వ్యాయామము - ముందు నిలుచువాని విద్య

బలము రెండు విధములు. తాను బరువు నెత్తగల బలమొకటి. పదిమందిచేత క్షేమముగా నెత్తింపగల బలము మరియొకటి. మొదటిది గలవానికి రెండవది తనంతట అబ్బునని పలువురు తలంతురు. నేనును అట్లే తలచి పొరపడితిని. ఆ పొరపాటువలన కలిగిన కష్టము నాకు గాక వేరొకనికి కలిగినది. ఆ సంగతిని దాచక ఇందు చెప్పి, దానివలన నేర్చుకొన్న నియమములను మన పాఠశాల బాలబాలికలకును, వారి తలిదండ్రులకును వివరించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

మొదట సాధనమును గూర్చి తెలిసికొందము. కెటిల్‌బెల్ అనునది పైన పిడి గల ఇనుప గుండు. దీనిని ఈ వ్యాసమున పిడిగుండు అని పిలుచుకొందము. రష్యా దేశీయులు దీనిని గిర్యా అందురు. అచ్చటి అంగళ్లలో ధాన్యాదులను తూచుటకు తూనికరాళ్లుగా వాడబడిన ఈ గుండ్లు కాలక్రమమున బలపరీక్షకును, పిమ్మట వ్యాయామమునకును సాధనములైనవి. ఆ దేశపు పాత తూనిక పూడు. ఒక పూడు 16.38 కిలోగ్రాములు. అందుచేతనే 16, 24, 32 కిలోల గుండ్లు, అనగా ఒకటి, ఒకటిన్నర, రెండు పూడుల గుండ్లు, నేటికిని వాడుకలో నున్నవి. 1885లో సెంట్ పీటర్స్‌బర్గు నగరమున వ్లదిస్లావ్ క్రయెవ్‌స్కీ అను వైద్యుడు బరువులెత్తు అభ్యాసముగల వారినందరిని ఒక సంఘముగా చేర్చెను. మన పెద్దలు వాడిన మద్రాసు మణుగు 25 పౌనులు, అనగా సుమారు 11.3 కిలోలు, 8 వీశెలు ఒక మణుగు. కావున రష్యావారి పూడు మన మణుగున్నరకు ఇంచుమించు సమానమని చెప్పవచ్చును.

పిడిగుండు మనకు క్రొత్తదైనను బరువెత్తుట క్రొత్తది కాదు. ఉత్తరాంధ్రమున సంక్రాంతి దినములలో సంగిడి రాళ్లనెత్తు పందెములు కలవు. వీరఘట్టమున జన్మించి, కలియుగ భీముడని దేశమంతట పేరుపొందిన కోడి రామమూర్తి నాయుడుగారు రొమ్ముపై ఏనుగును నిలుపుకొనిరనియు, ఇనుప గొలుసులను త్రెంచిరనియు అందరును చెప్పుకొందురు. కాని వారు సర్కసు స్థాపించుటకు పూర్వము చెన్నపట్టణమునకు సమీపమందలి సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున పాఠశాల విద్యార్థులకు వ్యాయామము నేర్పిన ఉపాధ్యాయులని కొందరే యెరుగుదురు. ఏనుగును మోయగల మనుజుడును బాలురముందు నిలుచుటకు ప్రత్యేకముగా శిక్షణ పొందెను. ఇది మనము గమనింపదగిన విషయము.

అట్లే 1920లో హెచ్. సి. బక్ అను అమెరికా దేశీయుడు చెన్నపట్టణమున వై.ఎం.సి.ఎ. పక్షమున శారీరక విద్యాకళాశాలను స్థాపించెను. ఆ కళాశాల బలవంతులను తయారుచేయుటకై గాక, వ్యాయామమును బోధించువారిని తయారుచేయుటకై ఏర్పడినది. మనకు సన్నిహితకాలమున శ్రీకాకుళపు ఆడుబిడ్డ కరణం మల్లేశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో 110, 130 కిలోల చొప్పున మొత్తము 240 కిలోలనెత్తి కాంస్యపతకమును గెలిచెను. ఒలింపిక్ పతకము గెలిచిన భారత స్త్రీలలో ఆమెయే మొదటిది. మన పొరుగున బాపట్ల ప్రాంతమందలి స్టువార్టుపురమునకు చెందిన రాగాల వెంకట రాహుల్ 2018లో గోల్డ్‌కోస్టు కామన్‌వెల్తు క్రీడలలో 85 కిలోల తరగతిలో 338 కిలోలనెత్తి స్వర్ణపతకము సాధించెను. ఇట్టివారు వేదికపై నిలిచినప్పుడు ప్రక్కన నిలిచిన శిక్షకుడు బరువును ముట్టడు. అయినను ఎంత బరువు ఎప్పుడెత్తవలెనో, ఎప్పుడు మానవలెనో చూచు కన్ను అతనిదే.

ఇక నా సంగతి. పేరులోనే ప్రత్తి గల మా ప్రత్తిపాటిలో ప్రత్తితోబాటు మిరపయు విస్తారముగా పండును. కోతలు మొదలైనది మొదలు ఊరిలో ఎవరికిని తీరిక యుండదు. కొన్ని సంవత్సరముల క్రిందట కొందరు యువకులము చేరి, వేకువజామున ఒక మైదానమున పిడిగుండ్లతో వ్యాయామము చేయ మొదలిడితిమి. అందరిలో నేనే ఎక్కువ బరువెత్తువాడను. కావున నన్నే ముందు నిలువుమనిరి. నేను ముందు నిలిచి, గుండు నూపుచు, నా ఊపిరికి తగినట్లు లెక్క చెప్పితిని. వెనుకనున్న పదునలుగురును నన్ను చూచుచుండిరి. నేను మాత్రము ఎవరిని చూడలేదు.

వారిలో పందొమ్మిదేండ్ల యువకుడొకడు రాత్రివేళ ముఠాతో కలిసి మిరప టిక్కీలు లారీల కెత్తుచుండెడివాడు. టిక్కీ ఒక్కొక్కటి సుమారు నలువది కిలోలు. అతడొకనాడు నడుము పట్టుకొని నిలుచుట కంటబడి, "ఏమిరా?" అని యడిగితిని. "ఏమీ లేదన్నా" అని నవ్వెను. నేనును నవ్వి, లెక్కను ఏబది వరకు సాగించితిని. నలువది దాటిన పిమ్మట అతని వీపు విల్లువలె వంగెను. గుండు దింపబోయి అతడు కూలబడెను. మరునాడు మంచముమీదనుండి లేవలేకపోయెను. మూడు వారములు పనికి పోలేదు. కోతల కాలమున మూడు వారముల కూలి పోవుట ఒక బీద సంసారమునకు ఎంత నష్టమో ఈ మండలమువారికి నేను చెప్పనక్కరలేదు. నేను వారి యింటికి పోయినప్పుడు అతని తల్లి నన్ను నిందింపలేదు. "నాయనా, నీ మెప్పుకోసమే వాడంత బరువెత్తినాడు. నీవు చూచియుంటే ఆపియుందువు" అని మాత్రమనినది. ఆ మాటకు నాయొద్ద జవాబు లేకపోయెను.

తరువాత నేను ముందు నిలుచుట మానివైచి, ఒక మాసము ఇతరులు ఎట్లు నడుపుదురో చూచితిని. మన మిరపయార్డులో ముఠా మేస్త్రీని చూచితిని. అతడు బస్తాను పైకెత్తుటకు ముందు మోయువాని కాళ్లవైపు చూచును. తరువాత కోలాటము నేర్పు గురువును చూచితిని. ఆయన క్రొత్త అడుగు వేయించునప్పుడు చేయి చక్కగా తిరుగువానిని గాక, వెనుకబడిన చిన్నవానిని చూచి తాళము తగ్గించును. బండలాగుడు పోటీలలో ఎడ్లను తోలువాడును అంతే. రెండెద్దులలో అలసిన దానిని కనిపెట్టి జతను నడుపును. ఈ పనులెరిగిన వారెవ్వరును వ్యాయామశాస్త్రము చదువలేదు. కాని నాకు లేని చూపు వారికున్నది. వారివలన నేర్చినదానిని, శిక్షకులవలన విన్నదానిని చేర్చి క్రింద క్రమముగా వ్రాయుచున్నాను.

మొదటిది స్థలము. మన నల్లరేగడి నేల ఎండినప్పుడు నెఱ్ఱెలు విచ్చును, తడిసినప్పుడు జారును. ఈ రెండును గుండు పట్టినవానికి అపాయకరములే. మొరము పోసి గట్టిపరచిన సమతల స్థలమును వెదకవలెను. మనిషికిని మనిషికిని ప్రక్కగా కనీసము రెండు మీటర్ల ఎడముండవలెను. పిడి చేజారినచో గుండు ఎక్కువగా ముందునకో వెనుకకో పోవును. అందుచేత ఒకని ముందొకడు నిలువరాదు; అందరును ఒకే వరుసలో ప్రక్కప్రక్కన నిలువవలెను. నాయకుడును వారికెదురుగా సూటిగా నిలువక, వరుస కొసన ఏటవాలుగా నిలుచుట మేలు. చేతులు చెమర్చినచో తుడుచుకొనుటకు ప్రతివానియొద్దను పొడిగుడ్డ యుండవలెను. గుంటూరు సీమలో వేసవియెండ 45 డిగ్రీలకు చేరు దినములు కలవు గనుక ఆ కాలమున సూర్యోదయమునకు ముందే పని ముగింపవలెను. మంచినీటి కుండ వరుసకు దగ్గరగా నుండవలెను.

రెండవది బరువు. అందరికిని ఒకే గుండు తగదు. క్రొత్తగా మొదలిడు యువకులకు 12 లేక 16 కిలోలు, యువతులకు 8 కిలోలు సాధారణముగా చాలును. పాఠశాల పిల్లలకు 4 మొదలు 8 కిలోలకు మించనక్కరలేదు. మొదట కొన్ని దినములు వట్టి చేతులతోనే వంగుట, లేచుట నేర్పవలెను. బరువులెత్తినచో పిల్లలు ఎదుగరని కొందరు తలిదండ్రులు భయపడుదురు. తెలిసినవారి పర్యవేక్షణలో, తగిన బరువుతో, సరియైన రీతిని చేసినచో అట్టి భయమునకు ఆధారము లేదు. ప్రపంచారోగ్యసంస్థ 2020లో ప్రకటించిన సూచనలలో, 5 మొదలు 17 ఏండ్ల వయస్సువారు దినమునకు సగటున 60 నిమిషములు వ్యాయామము చేయవలెననియు, వారమునకు కనీసము 3 దినములు కండరములను, ఎముకలను బలపరచు వ్యాయామము అందులో నుండవలెననియు చెప్పబడినది. ఎవనికి ఏ గుండు తగునో నాయకుడే నిర్ణయింపవలెను. పెద్ద గుండు పట్టినవాడే మొనగాడను తలంపు వరుసలో ప్రవేశించినచో ప్రమాదము దానివెంటనే వచ్చును.

మూడవది చలనము. పిడిగుండుతో చేయు వ్యాయామములలో ముఖ్యమైనది ఊపు. పాదములను భుజముల వెడల్పున ఎడముగా నుంచి, గుండును జానెడు ముందుంచవలెను. వంగునది తుంటికీళ్లయొద్దనే గాని వీపున గాదు. పిరుదులు వెనుకకు పోవును, మోకాళ్లు కొంచెము మడతపడును, వీపు పలకవలె తిన్నగా నుండును. రెండు చేతులతో పిడిని పట్టి గుండును కాళ్లమధ్యకు లాగి, తుంటిని చటుక్కున ముందునకు త్రోసి నిటారుగా నిలువవలెను. ఆ త్రోపుచేతనే గుండు రొమ్ము ఎత్తునకు తేలవలెను. చేతులు త్రాళ్లవంటివి మాత్రమే. గుండు పైకి పోవునపుడు శ్వాసను విడువవలెను, దిగునపుడు పీల్చవలెను.

వీపు తిన్నగా నుండవలెనని ఇంతగా చెప్పుటకు కారణము కలదు. అడ్డముగా నున్న స్థానమునుండి ఊగివచ్చిన లోలకముయొక్క త్రాడు అట్టడుగు బిందువున గుండు బరువునకు మూడురెట్లు బిగువును భరించునని పై తరగతుల విద్యార్థులు లెక్కకట్టి చూడవచ్చును. మనుష్యుని చేయి సరిగా లోలకము కాకున్నను న్యాయమొకటే. 16 కిలోల గుండు క్రింద మలుపు తిరుగు క్షణమున 16 కిలోలుగా మాత్రముండదు. ఆ క్షణమున వీపు వంగియున్నచో ఆ లాగుడంతయు నడుముమీద పడును. నా మిత్రుని నడుము చెడినది ఇట్లే. రాత్రియంతయు బస్తాలు మోసి అలసిన నడుము, నలువది ఊపుల తరువాత తన నిలుకడను తప్పెను.

నాలుగవది నేర్పు విధము. మొదట మాటలాడక రెండుమార్లు మెల్లగా చేసి చూపవలెను. ఒకమారు ఎదుటినుండి, మరియొకమారు ప్రక్కనుండి. వీపు తిన్నదనము ఎదుటినుండి కనబడదు. పిదప ఒక్క సూచన మాత్రమే చెప్పి చేయింపవలెను. "వీపు, మోకాళ్లు, ఊపిరి, మెడ, పిడి" అని అయిదు సంగతులు ఒక్కమారు చెప్పినచో వినువాడు ఒక్కటియు జ్ఞాపకముంచుకొనడు. ఒంటిచేతి వ్యాయామము ఎదురుగా నిలిచి చూపునపుడు అద్దమువలె చేయవలెను. అనగా వారు ఎడమచేయి ఎత్తవలసినప్పుడు నాయకుడు కుడిచేయి ఎత్తవలెను. ఇది చిన్న సంగతియే. కాని దీనిని మరచినచో వరుసలో సగము ఒకవైపును, సగము వేరొకవైపును పోవుదురు.

అయిదవది ఆజ్ఞ. కవాతులో ఆజ్ఞకు రెండు భాగములు కలవు. మొదటి మాట చేయవలసినదానిని తెలుపును; రెండవ మాట చేయుమనును. నడుమ కొంచెము విరామముండును. వ్యాయామమునందును అట్లే "ఊపు, పదిమార్లు" అని చెప్పి, అందరును పిడిని పట్టుకొనువరకు ఆగి, "మొదలు" అనవలెను. విరామము లేనిచో చురుకైనవారు ముందే మొదలిడుదురు, తక్కినవారు తొట్రుపడుదురు. "ఆగు" అను మాట మాత్రము ఎల్లప్పుడును ఒకే స్వరమున, గట్టిగా పలుకవలెను. ఆ మాటను నాయకుడే గాక వరుసలోని ఎవ్వరైనను పలుకవచ్చునని మొదటిదినమే చెప్పవలెను. "ఆగు" అన్నవానిని ఎగతాళి చేయరాదు. మా వరుసలో ఆనాడు ఈ నియమమున్నయెడల ఆ యువకుడు నవ్వి ఊరకుండియుండడు.

ఆరవది లెక్క. నాయకుడు తన ఊపిరినిబట్టి లెక్క చెప్పరాదు. వరుసలో మిక్కిలి అలసినవానిని చూచి చెప్పవలెను. మొదట 10 ఊపులు, ఒక నిమిషము విశ్రాంతి. ఇట్లు అయిదు ఆవృత్తులు చాలును. వారములు గడచిన కొలది ఆవృత్తులను పెంచవచ్చును. విశ్రాంతివేళ ప్రతివానిని ఏదో ఒక మాటాడింపవలెను. పేరేమి, ఏమి తింటివి, రాత్రి నిద్రపోతివా అని. ఒక చిన్న వాక్యము ఆగక చెప్పలేనివాడు ఇంకను తేరుకొనలేదని గ్రహింపవలెను. పైగా ఈ ప్రశ్నలవలన నాయకునికి తెలియవలసినది తెలియును. రాత్రి ముఠాపనికి పోయినవాడు ఎవడో, ఉపవాసమున్నది ఎవరో, జ్వరమునుండి లేచినవాడు ఎవడో మాటలవలననే బయటపడును. "నొప్పియున్నదా?" యని అందరియెదుట అడిగినచో ఏ యువకుడును ఉన్నదనడు. ప్రక్కకు పోయి మెల్లగా అడిగినచో చెప్పును.

ఏడవది దిద్దుట. మెప్పును అందరు వినునట్లు చెప్పవలెను. తప్పును దగ్గరకు పోయి చెప్పవలెను. "నీది తప్పు" అనుటకంటె "పిరుదులను ఇంకను వెనుకకు నెట్టుము" అనుట ఉపయోగకరము. ఏలయన, మొదటి మాటవలన సిగ్గు మాత్రము కలుగును. రెండవ మాటవలన చేయవలసినది తెలియును. నాయకుడు కొంతసేపు గుండును విడిచి వరుసవెంట నడువవలెను. అందరితోబాటు తానును ఎత్తుచున్నంతసేపు అతడు ఎవ్వరిని సరిగా చూడజాలడు. తన బలము చూపుకొను కోరిక గలవానికి ఈ నియమము కష్టముగా తోచును. నాకును తోచినది.

ఎనిమిదవది, నా యెఱుకలో మిక్కిలి ముఖ్యమైనది, ఇతరులకు నాయకత్వము నేర్పుట. ఒకడే ఎల్లప్పుడును ముందు నిలిచినచో అతడు రానినాడు వరుసయు రాదు. కావున వారమునకొకరిని నియమించి, మొదట ఒళ్లు వేడిచేయు అయిదు నిమిషముల పని నప్పగింపవలెను. అది చక్కగా చేసినపిదప ఇద్దరికి ఊపు నేర్పుమనవలెను, పిదప అయిదుగురికి, తుదకు వరుసంతటికి. మొదటిదినము గొంతు వణకును, లెక్క తప్పును. అప్పుడు నడుమ దూరి సరిచేయక, ముగిసినపిదప రెండు మాటలు మాత్రము చెప్పవలెను. బాగుగా చేసినది ఒకటి, రేపు మార్చుకొనవలసినది ఒకటి. తరగతిలో పెదవి విప్పని బాలిక ఇరువదిమందికి "మొదలు" అని ధైర్యముగా ఆజ్ఞ యిచ్చుట నేను కన్నులార చూచితిని.

ఇక ఆ యువకుని సంగతి. వైద్యుడు చెప్పిన ప్రకారము విశ్రాంతి తీసికొని, తరువాత వట్టి చేతులతో వంగుటతో మొదలిడి, నాలుగు మాసములకు మరల 8 కిలోల గుండు పట్టెను. అతనిని పిలుచుటకు నేను వారి యింటికి పోయినపుడు, ఈసారి తాను నొప్పి యన్నచో నేను విందునా యని యడిగెను. విందునంటిని. నేడు మా మైదానమున సోమ, బుధ, శుక్రవారములలో ముందు నిలుచువాడతడే. అతడు "మొదలు" అనుటకు ముందు వరుస యీ కొసనుండి ఆ కొసవరకు ఒకమారు నడచి, ఒక్కొక్కని కాళ్లవైపును ముఖమువైపును చూచును. నేను మూడవ స్థానమున నిలుచుచున్నాను. మొన్న నేను పద్దెనిమిదవ ఊపున వీపు వంచితినట. "అన్నా, గుండు దింపు" అని నా ప్రక్కకు వచ్చి మెల్లగా చెప్పెను. దింపితిని.

విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఆటల జట్టుకు, కొందరు తరగతికి, కొందరు పొలములో కూలివారికి ముందు నిలుతురు. ఆ పనికి మీ బలమెంతయో తరువాత చూచుకొనవచ్చును. ముందుగా మీ వరుసలో ఈ ఉదయము నడుము పట్టుకొని నిలిచినవాడు ఎవడో చూడుడు.